ఎర్రాకు హద్దు

పొయ్యిలో మండుతున్నది మామూలు కట్టె కాదని సుకెస్తికి రంగు వాసనే చెప్పింది.

ఆమె వంటింటి గడపలో ఆగి ముక్కు ఎగబీల్చింది. అన్నం కుండ కింద వెదురు ముక్కల మధ్య ఒక చదరపు కొయ్య సగం దాకా కాలి ఉంది. కాలని సగం ఎర్రగా ఉంది, దాని మీద తెల్లటి అంకెలున్నాయి.

"అత్తయ్యా, అది నిన్న కొలతలవాళ్ళు మన పెరట్లో పాతిన కొయ్య కదూ?"

సాతియెమ్ అవ్వ తమలపాకుకి సున్నం రాసుకుంటోంది. తల ఎత్తలేదు.

"టేకు. బాగా మండుతోంది" అంది.

"హద్దు కొయ్యని పొయ్యిలో పెట్టారా?"

"నా పెరట్లో మొలిచింది. నా పొయ్యిలో పెట్టాను. నీ మొగుడొస్తే ఇదే చెప్పు."

చెప్పాల్సిన పని లేకపోయింది. హర్సయ అప్పుడే బజారు నుంచి వచ్చాడు. ఒంటి మీద ఆఫీసు ఖాకీ చొక్కా, చేతిలో రోజూ తెచ్చుకునే పెచెల్ పొట్లం. ఉడికించిన ఆకుకూరల మీద వేరుసెనగ పచ్చడి పోసిన ఆ పొట్లం తినకుండా అతను మండలాఫీసు మెట్టెక్కడు. పొయ్యి వైపు చూసి, పొట్లం కింద పెట్టి, అరుగు మీద కూలబడ్డాడు.

"అమ్మా, అది ప్రభుత్వం వారి కొయ్య."

"అయితే ప్రభుత్వం వారినే పిలు. వాళ్ళ కొయ్యతో ఉడికిన అన్నం, వాళ్ళకీ ఒక ముద్ద పెడతాను."

"నవ్వులాట కాదమ్మా. రేపు పొద్దున చామత్ గారు స్వయంగా వస్తున్నారు, హద్దులు చూసి సంతకం పెట్టడానికి. మండలాన్ని ఏలే మనిషి వచ్చి, కొయ్య ఏదయ్యా అని అడిగితే ఏం చెప్పను? మా అమ్మ వంట చేసిందని చెప్పనా?"

"చెప్పు. అబద్ధం కాదుగా."

ఆ ఏడు సెమరాంగ్ నగరంలో మండలాలు విడగొడుతున్నారు. ఊళ్ళు ఉబ్బిపోయాయి, ఒక్క ఆఫీసు సరిపోవడం లేదు, అందుకని ఒకదాన్ని రెండు చేస్తున్నారు. మంచిదే. కానీ గీత అన్నాక ఎక్కడో ఒకచోట పడాలి కదా. అది వచ్చి వచ్చి సుంబర్వారు పేటకి ఒకప్పుడు లూరాగా, అంటే ఊరి పెద్దగా, ఉన్న అవ్వ మొగుడి పెరట్లో, ముందిల్లుకీ వెనక వంటింటికీ మధ్య పడింది. ముందిల్లు సుంబర్వారులోనే ఉండిపోయింది. అవ్వ పడకా, పొయ్యీ, కోళ్ళగూడూ పక్క పేట కరాంగ్సోనోలోకి, అంటే వేరే మండలంలోకి పోయాయి. కోడలు ముందింట్లోంచి ఉప్పు కోసం వంటింట్లోకి వస్తే మండలం దాటి వచ్చినట్టే.

గీత ఊరికే పడలేదు. ఆ పెరట్లో అడ్డంగా ఎర్రాకు మొక్కలు వరసగా ఉన్నాయి. ఆందోంగ్ అంటారు. రెండు ఊళ్ళ మధ్య, రెండు పొలాల మధ్య, సమాధుల తోట చుట్టూ ఆ చుట్టుపక్కల ఎవరైనా నాటేది ఆ మొక్కనే. అది కనిపిస్తే ఆ పక్కది వేరే వాళ్ళదని ఎవరూ చెప్పక్కర్లేదు. కొలతలవాళ్ళు దాన్ని చూశారు, తాడు పట్టారు, కొయ్య పాతారు.

"ఆ మొక్కలు హద్దు కాదు" అంది అవ్వ.

"మరేమిటి?"

"హద్దు కాలువ. నా వంటింటి వెనకున్న కాలువ. ఎప్పుడూ అదే."

"కాలువ గట్టు మీద ఒక్క ఎర్రాకు మొక్క లేదు. ఇక్కడ ఇంత వరసుంది. ఇవి ఎవరు నాటారు, ఎందుకు నాటారు, అది చెప్పు. నేనే రాసి ఇస్తాను."

అవ్వ ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది. ఇక ఆ నోరు ఎవరికీ దొరకదు.

సుకెస్తి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పన్నెత్తి మాట్లాడకపోయినా ఆమె కళ్ళు ఊరుకోలేదు. స్వతహాగా ఆమెకి ఏదైనా సగం తెలిస్తే ముద్ద దిగదు. ఇంత పట్టుబట్టే మనిషి ఒక్క మాట చెప్పడానికి ఎందుకింత బిగుసుకుపోవాలి?

"అమ్మా, ఒక పని చేద్దాం" అన్నాడు హర్సయ, గొంతు తగ్గించి. "నీ పేరు మా ఇంటి కార్డులో రాయిస్తాను. గీత ఎక్కడున్నా నువ్వు కాగితం మీద సుంబర్వారు మనిషివే."

"కాగితం చూసి సమాధుల తోట మోదిన్ నన్ను పూడుస్తాడా?"

హర్సయ తల గోక్కున్నాడు.

"మీ నాన్న పెట్టిన రూలు నీకు గుర్తులేదా? టౌను వాళ్ళంతా దొంగ చిరునామాలు పెట్టి ఇక్కడికి శవాలు మోసుకొస్తున్నారని, ఏమన్నాడు? కార్డు చూడొద్దు, పొయ్యి చూడు. మనిషి పొయ్యి ఏ ఊళ్ళో వెలిగితే ఆ ఊరి మనిషి. పొయ్యి బయట ఉంటే సమాధి కూడా బయటే. సొంత మేనమామ శవాన్నే గేటు దగ్గర నుంచి తిప్పి పంపాడు. ఊరంతా చూస్తుండగా. ఇప్పుడు లూరా పెళ్ళానికి ఇంకో రూలు ఉంటుందా?"

"అయితే ముందింటికి వచ్చేయ్. మా పొయ్యి మీదే తిను."

"నేను కాపరానికొచ్చిన నాటి నుంచి ఈ పొయ్యి ఆరలేదు. ఇప్పుడు గీత గీశారని ఆర్పనా? ఆయన పక్కన నాకు చోటుంది. తవ్వి పెట్టలేదు కానీ ఉంది. ముక్కూ మొహం తెలియని కరాంగ్సోనో వాళ్ళ మధ్య పడుకోను. అంతే."

అది కోపం కాదని సుకెస్తికి తెలిసింది.

హర్సయ లేచాడు. "సరే. నేను చేయగలిగింది ఒక్కటే. ఇంటి మనిషి కాని పెద్దవాళ్ళు ఎవరైనా, ఈ మొక్కలు నాటడం చూశాం, ఇవి ఊరి హద్దు కాదు అని చామత్ గారి ముందు చెప్పాలి. అలాంటి వాళ్ళుంటే పిలు. లేకపోతే రేపు ఇంకో కొయ్య పాతుతారు. దాన్ని మటుకు కాల్చకు."

పెచెల్ పొట్లం అక్కడే మరిచిపోయి ఆఫీసుకి పోయాడు. అతను ఆ పొట్లం మరిచిపోవడం ఎవరూ ఎరగరు.

*

రువా నెల. ఉపవాసాలు మొదలయ్యే ముందు నెల కాబట్టి ఊరంతా సమాధుల తోటలోనే ఉంది. కలుపు పీకేవాళ్ళు, రాళ్ళు కడిగేవాళ్ళు, పిల్లలకి తాతల పేర్లు చెప్పేవాళ్ళు. సుకెస్తి చీపురు పట్టుకుని వెళ్ళింది. చీపురు సాకు.

శవాలకి స్నానం చేయించి, ప్రార్థన చదివి, గుంటకి చోటు చూపించేది మోదిన్ జుమాది. ముసలాయన. నవ్వితే ముఖమంతా ముడతల్లోకి పోతుంది. మామగారి సమాధి దగ్గరే గడ్డి కోస్తున్నాడు.

"తాతా, మా పెరట్లో ఎర్రాకు మొక్కలు ఎవరు నాటారు?"

జుమాది కొడవలి ఆపాడు. కాసేపు ఆమె మొహం చూసి, తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఎంతకీ ఆగలేదు.

"ఇప్పుడడుగుతున్నావా అమ్మా? ఆ ఇంటికి కోడలివై ఇంతకాలం అయ్యాక?"

"చెప్పు తాతా."

"చెప్పకూడదు. మీ మామ సస్త్రోదిమెజో నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

"ఆయన పోయాడుగా."

"పోయాడు. పోతూ పోతూ, జుమాదీ ఇక చెప్పుకో అనలేదే."

"నువ్వు చూశావా, నాటుతుండగా?"

"చూళ్ళేదు. నేను ఈ ఊరొచ్చేసరికి మొక్కలు నా మోకాలెత్తు ఉన్నాయి. విన్నదే. విన్నది చామత్ దగ్గర పనికిరాదు, నీ మొగుడు ఆఫీసుకి పోతూ వచ్చి అడిగి వెళ్ళాడు."

సుకెస్తి సమాధి చుట్టూ ఊడ్వడం మొదలుపెట్టింది. ఎడమ పక్క ఒక మనిషి పట్టేంత నేల, చుట్టూ గులకరాళ్ళు పేర్చి ఉంది. అత్తగారి చోటు. దాని గురించి ఇంట్లో అందరికీ తెలుసు. కుడి పక్కన కూడా గోడ దాకా అంతే నేల ఖాళీగా ఉంది. ఇంత ఇరుకు తోటలో, మనుషుల మీద మనుషులు పడుకున్న చోట, అది ఎందుకు ఖాళీగా ఉండాలి?

"ఇది ఎవరికి తాతా?"

"మీ మామ బతికుండగానే తాడు పట్టి కొలిపించాడు. అటూ వదులు, ఇటూ వదులు అన్నాడు. వదిలాను. లూరాని ఎందుకని అడిగేది ఎవరు? అందులోనూ ఆయన ఎన్నికైన లూరా. ఇప్పటివాళ్ళలా ఆఫీసులో నియమించిన లూరా కాదు. మొక్కజొన్న గుర్తు. జనం ఓటుగా తలా ఒక పుల్ల తెచ్చి ఆయన వెదురు గొట్టంలో వేస్తే గొట్టం నిండి కింద పోశారట. పొద్దున్నించి సాయంత్రం దాకా మొక్కజొన్న కంకుల పక్కన కదలకుండా కూర్చున్నాడట, పెళ్ళికొడుకులాగా."

సుకెస్తి విననట్టే ఉంది. ఆమె చూపు సమాధి తలవైపు పడింది. అక్కడ గులాబీ రేకులు, సన్నగా తరిగిన మొగలి ఆకు. తాజాగా ఉన్నాయి. ఇంటి నుంచి ఇంకా ఎవరూ పూలు తేలేదు.

"ఈ పూలు ఎవరు పోశారు?"

జుమాది చెవులు హఠాత్తుగా వినపడటం మానేశాయి. వంగి గడ్డి కోసుకుంటూ దూరంగా పోయాడు.

*

మధ్యాహ్నం హర్సయ భోజనానికి వచ్చాడు. ముందింట్లో చాప మీద కూర్చుని, పులిసిన సోయాగింజల టెంపె ముక్కకి మిరపకాయ నంజుకుని తింటూ, ఉన్నట్టుండి ఆగాడు.

"తప్పు నాదే సుకెస్తీ."

"ఏం తప్పు?"

"కొలతలవాళ్ళకి ఆ మొక్కలు చూపించింది నేనే. మా ఊరి హద్దు ఇదే అని. వాళ్ళు కాలువ దాకా పోబోతుంటే, నేనే పిలిచి చూపించాను."

"ఎందుకు చూపించావు? నీకెవరు చెప్పారు అది హద్దని?"

"చెప్పడమేమిటి, చూశాను కదా. చిన్నప్పటి నుంచీ చూశాను. నాన్న ఆ మొక్కల దాకా వచ్చి ఆగేవాడు. ఆగి, ఇలా" అని గొంతు సవరించి దగ్గి చూపించాడు. "వంటింట్లోంచి అమ్మ 'ఊఁ' అనేది. అప్పుడు దాటేవాడు. ఆవిడ ఊఁ అనకపోతే అక్కడే నిలబడేవాడు, వానలో అయినా సరే. నేను అనుకున్నాను, లూరా కాబట్టి పక్క ఊళ్ళోకి అడుగు పెట్టాలంటే అనుమతి తీసుకోవాలి కాబోలు, అందుకే ఆగుతాడని. ఇంతకాలం అదే అనుకున్నాను. ఇవాళ తలుచుకుంటే..."

"పెళ్ళాం వంటింటికి ఊరి హద్దేమిటి" అంది సుకెస్తి.

"అదే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుకెస్తి చెయ్యి కడుక్కోవడం కూడా పూర్తి చేయలేదు, లేచి పెరట్లోకి నడిచింది. హర్సయ వెనకే వచ్చి, మొక్కల దగ్గర అలవాటుగా ఆగిపోయాడు.

అవ్వ వంటింటి ముందు కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. సుకెస్తి ఎదురుగా చతికిలబడి తనూ ఒక పాయ తీసుకుంది. కాసేపు ఇద్దరూ ఒలిచారు.

"అత్తయ్యా, మామగారు మొక్కల దగ్గర ఎందుకు దగ్గేవారు?"

అవ్వ చెయ్యి ఆగింది.

"ఎవరు చెప్పారు?"

"మీ అబ్బాయే. మీరు ఊఁ అంటేనే దాటేవారటగా."

కోడి ఒకటి వచ్చి పొట్టు కెలికి పోయింది.

"వాడు అప్పుడు నా చంకలో ఉన్నాడు" అంది చివరికి. "పాలు కూడా మానలేదు. మీ మామ కొత్తగా లూరా అయ్యాడు. ఊరు నెత్తిన పెట్టుకుంది. ఆయన కూడా తనని తాను పెట్టుకున్నాడు. ఒకరోజు వచ్చి, ఇంకో మనిషిని ఇంటికి తెస్తున్నాను, మసీదులో నాలుగు పెళ్ళి మాటలు చదివించేశాను అన్నాడు. నేను ఏడవలేదు. అరవలేదు. సమాధుల తోట గోడకి పోయి ఎర్రాకు కొమ్మలు విరుచుకొచ్చాను. పిల్లాణ్ణి నడుముకి కట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా నాటాను. అటుపక్క నీ ఊరు, ఇటుపక్క నాది అన్నాను. నీ ఊళ్ళోకి ఎవర్ని తెచ్చుకుంటావో తెచ్చుకో. నా ఊళ్ళోకి రావాలంటే నన్నడిగి రా అన్నాను."

"ఆయన ఏమన్నారు?"

"ఏమంటాడు? ఊరందరి హద్దులు తీర్చే మనిషి. మొక్క నాటాక దాటకూడదని ఆయనే అందరికీ చెప్పేవాడు. ఆ మనిషిని తేలేదు. బజారు వైపు వేరే ఇల్లు చూశాడు. కొన్నేళ్ళు అక్కడికి పోయాడు. తర్వాత మానేశాడో, నాకు తెలియకుండా పోయాడో, నేను అడగలేదు."

"మీరు మళ్ళీ మాట్లాడుకున్నారుగా. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు."

అవ్వ పెదవి కొద్దిగా వంకర తిరిగింది. నవ్వే.

"కోపం ఎన్నాళ్ళుంటుంది? పీకేద్దామనుకున్నాను మొక్కల్ని. చాలాసార్లు అనుకున్నాను. కానీ సాయంత్రం అయ్యేసరికి అక్కడ నిలబడి దగ్గేవాడు. ఊరినంతా అదిలించే మనిషి, నా గుమ్మం ముందు ఆగి దగ్గేవాడు. ఆ దగ్గు నాకు ఇష్టమయిపోయింది. మొక్కలు పీకేస్తే దగ్గడేమోనని పీకలేదు."

మొక్కల అవతల హర్సయ ఇంకా నిలబడే ఉన్నాడు. అంతా విన్నాడు. మొగుడూ పెళ్ళాల పోట్లాటని తను నగరపాలన కాగితాల్లోకి ఎక్కించాడని అప్పుడే అతనికి పూర్తిగా తలకెక్కింది.

"ఎవరమ్మా ఆ మనిషి?"

అవ్వ అతని వైపు చూడకుండా చెప్పింది. "పొద్దున్నే పోయి పెచెల్ తెచ్చుకుంటావు చూడు. నీ పొట్లంలో ఎప్పుడూ ఒక టెంపె ముక్క ఎక్కువుంటుంది కదా. ఆవిడే."

హర్సయ అరుగు వైపు చూశాడు. పొద్దున్న వదిలేసిన పొట్లం అరుగు మీద చీమలు పట్టి ఉంది.

"ముర్సినాయా?" అన్నాడు హర్సయ. "ఊళ్ళో అందరికీ తెలుసా?"

"నీకు తప్ప. లూరా కొడుక్కి ఎవరు చెబుతారు?"

సుకెస్తికి గులాబీ రేకులు గుర్తొచ్చాయి. ఇప్పుడు అవి ఎవరివో అడగక్కర్లేదు. కానీ ఇంకో ప్రశ్న నాలుక మీదే ఉంది. ఆపుకోలేకపోయింది.

"అత్తయ్యా, మీరు నాటుతుండగా ఎవరు చూశారు?"

అవ్వ ఉల్లిపాయల గిన్నె పక్కకి జరిపింది. కళ్ళు తుడుచుకుంది, ఉల్లి ఘాటుకే అన్నట్టు.

"ఒక్కతే చూసింది" అంది. "నా పైట ఇలా అందుకో. నాతో రా."

*

సాయంత్రం బేరాలు అయిపోయి, ముర్సినా అరటాకులు తుడిచి దొంతర పెడుతోంది. అవ్వ కంటే చిన్నది, అయినా జుట్టు పూర్తిగా తెల్లబడింది. అంగడి ముందుకి ఎవరొచ్చారో చూసి, తుడిచే గుడ్డ ఒళ్ళో పెట్టుకుంది.

"కూర్చో అక్కా" అంది. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య పడిన మొదటి మాట అది.

అవ్వ బల్ల చివర కూర్చుంది. సుకెస్తి నిలబడే ఉంది. ముర్సినా రెండు గ్లాసుల్లో మల్లెపూల టీ పోసి, పంచదార వేసి పెట్టింది. అవ్వ తాకలేదు.

"గీత సంగతి విన్నావా?"

"బజారులో కూర్చునేదాన్ని, వినకుండా ఎలా ఉంటాను? నీ వంటిల్లు కరాంగ్సోనో అయిందటగా."

"ఆ మొక్కలు హద్దు కాదని నీకు తెలుసు."

"తెలుసు. నువ్వు నాటుతుంటే చూశాను. ప్రతి కొమ్మా చూశాను. నేను కాలువ అవతల గట్టు మీద నిలబడి ఉన్నాను, చంకలో బట్టల మూటతో. ఆయనే అక్కడ నిలబెట్టాడు. కాలువ దాటితే సుంబర్వారు, లోపల గొడవ సర్దుకునే దాకా మా ఊళ్ళో అడుగు పెట్టకు, లూరా పరువు పోతుంది అన్నాడు. పొద్దు వంగే దాకా కరాంగ్సోనో మట్టి మీదే నిలబడ్డాను."

సుకెస్తి ఒక అడుగు ముందుకి వేసింది. చామత్ గారికి కావలసింది సరిగ్గా ఈ మాటే. హద్దు కాలువేనని లూరా నోటి వెంట వచ్చిన మాట, విన్న మనిషి ఎదురుగా ఉంది.

"రేపు వచ్చి అదే చెబుతావా?" అంది అవ్వ.

ముర్సినా గుడ్డ మడత విప్పి మళ్ళీ మడిచింది.

"నేను నోరు మూసుకుని కూర్చుంటే ఏమవుతుందో ఆలోచించావా అక్కా? నా పొయ్యి సుంబర్వారులోనే ఉంది. నీ పొయ్యి ఉండదు. ఆయన పక్కన చోటు ఖాళీగా ఉంటుంది. ఆయన పెట్టిన రూలు మోదిన్ మీరడు."

అవ్వ మొహం నల్లబడింది. సుకెస్తి భుజం మీద చెయ్యి వేసి లేవబోయింది.

"కూర్చో. నాకు నీ చోటు వద్దు" అంది ముర్సినా. "నీది నువ్వే తీసుకో. ఆయనకి రెండు పక్కలున్నాయి కదా. నేను అడిగేది గోడ వైపు పక్క. తాడు పట్టి కొలిపించాడు, నాకు చెప్పాడు కూడా. కానీ నువ్వు రానివ్వకపోతే మోదిన్ నన్ను గేటు దాటనివ్వడు. నేను పెళ్ళాన్నని ఏ కాగితంలోనూ లేదు. ఆ మాట అనాల్సింది నువ్వొక్కదానివే."

అంగడి చూరు మీద కాకి అరిచి ఎగిరిపోయింది.

"ఇప్పుడే చెప్పమనను" అంది ముర్సినా. "రేపు పొద్దున వస్తాను. నీ మొక్కల దగ్గర ఆగుతాను. ఆగి, దగ్గుతాను. నువ్వు ఊఁ అంటే దాటి వచ్చి, చూసింది చూసినట్టు చామత్ గారికి చెబుతాను. అనకపోతే వచ్చిన దారినే పోతాను. నీ మీద కోపం కూడా పెట్టుకోను."

అవ్వ చివ్వున తలెత్తింది. "దగ్గు సంగతి నీకెలా తెలుసు?"

ముర్సినా గుడ్డ బల్ల మీద పెట్టింది. చెప్పనా వద్దా అని ఆలోచించినట్టుంది.

"నా గుమ్మం దగ్గరా అలాగే ఆగి దగ్గేవాడు అక్కా. ఇదేమిటని అడిగాను. మా ఆవిడ నేర్పింది, అలవాటైపోయింది అన్నాడు."

అవ్వ లేచింది. టీ గ్లాసు అలాగే ఉంది. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. సుకెస్తి కూడా అడగలేదు. ఆమె ఏమీ అడగకుండా నడిచిన దారి బహుశా అదొక్కటే.

ఇంటికొచ్చాక అవ్వ ఎర్రాకు మొక్కల దగ్గర ఆగింది. ఒక ఆకు తుంపి వేళ్ళ మధ్య నలిపి పారేసి, లోపలికి పోయింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పొయ్యి మటుకు ఆర్పలేదు.

*

చామత్ గారు చెప్పిన వేళకే వచ్చారు. చిన్న వయసు, ఇస్త్రీ చొక్కా, పెద్దవాళ్ళని చూస్తే వంగే మనిషి. పెరట్లో చాప వేశారు. వేయించిన అరటిపళ్ళు, టీ పెట్టారు. కొలతలవాళ్ళు కొత్త ఎర్ర కొయ్య తెచ్చి గోడకి ఆనించారు. కాలిన కొయ్య గురించి ఎవరూ అడగలేదు. హర్సయ మొహం చూస్తే అడగబుద్ధి కాదు.

మోదిన్ జుమాది కూడా వచ్చి ఒక మూల కూర్చున్నాడు. అతన్ని ఎవరూ పిలవలేదు.

అవ్వ వంటింటి గుమ్మం ముందు పీట వేసుకుని కూర్చుని, ఆకు నములుతోంది. జరిగింది తనే చెప్పింది. మొగుడి తప్పు, తన కోపం, ఎర్రాకు కొమ్మలు, అన్నీ. గొంతు ఎక్కడా తగ్గించలేదు. లూరా పరువు ఇక ఆయనే చూసుకుంటాడులే అన్నట్టు చెప్పింది. కొలతలవాళ్ళలో ఒకడు నవ్వాపుకోలేక టీ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. చామత్ గారు నవ్వలేదు.

"మీరు చెప్పింది నేను నమ్ముతున్నానమ్మా" అన్నారు ఆయన. "కానీ నా నమ్మకం పటం మీద గీత అవదు. బయటి మనిషి ఒక్కరు చూశానని చెబితే చాలు, ఇప్పుడే గీతని కాలువ మీదికి జరిపిస్తాను. అలాంటి వాళ్ళున్నారా?"

హర్సయ తల్లి వైపు చూశాడు. సుకెస్తి ముందింటి వైపు చూసింది.

ముందింటి పక్క సందులోంచి ముర్సినా వచ్చింది. ఉతికిన జాకెట్టు, బాతిక్ చీరగుడ్డ, తల మీద ముసుగు. చేతులు ఖాళీ. చామత్ గారు లేచి, రండమ్మా, ఇటు కూర్చోండి అన్నారు. ఆవిడ వినిపించుకోలేదు. ఎర్రాకు మొక్కల దాకా నడిచి వచ్చి, రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి ఆగింది.

గొంతు సవరించుకుని, దగ్గింది.

చిన్న దగ్గు. అయినా హర్సయ ఉలిక్కిపడ్డాడు. జుమాది తల వంచుకున్నాడు. మిగతావాళ్ళకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు, కానీ ఏదో జరుగుతోందని తెలిసి ఊరుకున్నారు. చామత్ గారు నిలబడినవారు నిలబడే ఉన్నారు.

"అమ్మా" అన్నాడు హర్సయ, వినీ వినపడనట్టు.

అవ్వ దవడ ఆగిపోయింది. ఆమె ముర్సినా మొహం చూడలేదు. ఆవిడ పాదాలు చూసింది, మొక్కలకి అటుపక్కనే, ఆయన ఎప్పుడూ నిలబడే చోట, మట్టి మీద పక్కపక్కన పెట్టుకున్న ముసలి పాదాలు.

సాతియెమ్ అవ్వ పక్కకి తిరిగి, నోట్లో ఉన్న తాంబూలం ఉమ్మేసి, మాటకి నోరు ఖాళీ చేసుకుంది.